నడిబావికి వచ్చిన నల్లనూనె

ఎర్రమిట్టపల్లెలో సముద్రం చూసినవాళ్లు లేరు. దేవేంద్రప్ప చూశానని చెప్పేవాడు గానీ, మద్రాసులో రైలు దిగి చూశాడో, గోడ మీది క్యాలెండరులో చూశాడో ఎవరూ గట్టిగా అడగలేదు. ఆయన వేరుశనగ రైతుల సహకార సంఘానికి ప్రెసిడెంటు. విత్తనాలు ఆయన చేతి మీదుగా రావాలి. అందుకని ఆయన చూశానంటే చూసినట్టే.

అట్లాంటి ఊరికి, సముద్రంలో ఒలికిన నూనెను ఎత్తే పని వచ్చి పడింది.

కర్నూలు కొత్తగా రాజధాని అయిన రోజులవి. ఇళ్లు చాలక ఆఫీసులను డేరాల్లో కూర్చోబెట్టారు. అట్లాంటి ఒక డేరాలో ఒక కొత్త ఆఫీసు వెలిసింది. ఓడల నుంచి నూనె ఒలికితే ఏం చేయాలో చూడడం దాని పని. ఒడ్డున ఉండే సంఘాలను అడిగితే, వలలు బాగుచేసుకోవడానికే మాకు తీరిక లేదన్నారట. అప్పుడు డేరాలో ఎవరికో ఒక ఆలోచన తట్టింది. నూనె ఒలికేది సముద్రంలో. జాగ్రత్త సామాను కూడా అక్కడే పెడితే ముందు దానికే నూనె అంటుకుంటుంది. సముద్రానికి ఎంత దూరాన పెడితే అంత భద్రం. పటం పరిచి చూస్తే ఎర్రమిట్టపల్లె బాగా దూరంగా కనబడింది.

ఈ సంగతి చెప్పడానికి వచ్చిన ఆఫీసరు పేరు ఆనందం. కాకినాడ వైపు మనిషి. సన్నగా, మర్యాదగా ఉండేవాడు. కుక్కను అదిలించినా చివర అండీ అని అనేవాడు.

"ఇది సంఘాలన్నీ కలిసి చేయాల్సిన పనండీ" అని అరుగు మీద నిలబడి చెప్పాడు. "ఒకచోట ఒలికితే అందరూ కదలాలండీ. అయినా ఒలికాక ఎత్తడం గొప్ప కాదండీ. ఒలక్కముందు మనం ఏం చేశామన్నదే అసలు జాగ్రత్తండీ."

అందరూ తలలు ఊపారు. బొజ్జన్న కూడా ఊపాడు.

బొజ్జన్న నడిబావి చూసుకునే మనిషి. ఊళ్లో మిగతా బావులన్నీ ఉప్పు. నోట్లో పోసుకోదగ్గ నీళ్లు నడిబావిలోనే. చేంతాడు చూడడం, గిలక బిగించడం, ఎండాకాలంలో ఎవరి వంతు ఎప్పుడో చెప్పడం ఆయన పని. కళ్లం నాడు ఇంటింటా ఆయనకు గింజలు కొలిచేవాళ్లు. వంతు కూడా నోటితో చెప్పేవాడు కాదు, వేలు చూపించేవాడు. ఆయన భార్య గురమ్మ, "మా ఆయన కాడ మాట కావాలంటే బొక్కెన ఎయ్యాల" అనేది.

ఆనందం చెప్పిన ప్రకారం, నీళ్ల మీద తేలుతూ నూనెను చుట్టుముట్టే కంచె ఒకటి కావాలి. ఊరివాళ్లకు తెలిసిన తేలేది ఒక్కటే, సొరబుర్ర. బావిలో ఈత నేర్చుకునేటప్పుడు నడుముకు కట్టుకుంటారు. ఆడవాళ్లంతా కూర్చుని ఎండిన సొరబుర్రలను నులకతాటికి గుచ్చారు. కింద గోనెపట్టాలు కుట్టి వాటిలో పత్తి కూరారు. ఆ దండ ఊరి వీధి ఈ కొస నుంచి ఆ కొసకు వచ్చింది. మేకలు పత్తి తినకుండా కాపలా కూడా పెట్టారు.

మొదటి అభ్యాసం ఎండిన చెరువులో జరిగింది. సున్నంతో గీత గీసి అది సముద్రమన్నారు. బాడుగకు తోలే ఏసన్న బండి ఓడ అయింది. ఓడకు ఎద్దులను కట్టి ఏసన్నే తోలాడు. వేరుశనగ పొట్టు నూనె అయింది. బండి వెనక్కి ఎత్తి పొట్టు ఒలకబోయగానే గాలి లేచి, నూనె అంతా ఎగిరి పక్క ఊరి పొలిమేర దాటింది. ఆనందం చాలాసేపు ఆలోచించి, అలలు ఎక్కువగా ఉన్నాయని రాసుకున్నాడు.

ఎండాకాలం నడిమికి అసలు పరీక్ష వచ్చింది. పొట్టుతో కుదరదు, నిజం నూనె నిజం నీళ్ల మీద పోసి ఎత్తి చూపించాలని పైనుంచి ఉత్తర్వు. లేకపోతే సంఘం పేరు కొట్టేస్తారు. సంఘం పోతే ఆ ఏడు విత్తనాలు రావు. ఓడల్లో కాల్చే నల్లనూనె ఒక పీపా రైల్లో ముద్దనూరు చేరింది. అక్కడినుంచి ఏసన్న బండిలో వచ్చింది. ఏసన్న బండి ఇరుసు అరుపు ఆ చుట్టుపక్కల పేరుమోసింది. బండి ఊరు చేరకముందే పసిపిల్లలు లేచి ఏడ్చేవాళ్లు.

ఆనందం ముందు గండికోటకు పోయి చూసి వచ్చాడు. పెన్నలో అక్కడక్కడ మడుగులు ఉన్నాయని ఎవరో చెప్పారు. లోయ అంచున నిలబడి తొంగిచూశాడు. తల మీది టోపీ జారింది. టోపీ పోయి పోయి కాకంత అయింది, ఈగంత అయింది. పడిన చప్పుడు మాత్రం పైకి రాలేదు.

"అక్కడికి పీపా దించడం కష్టమండీ" అన్నాడు, తిరిగి వచ్చి. "ఊళ్లో నీళ్లు ఎక్కడున్నాయండీ?"

"నడిబావి ఉండాది గదా" అన్నాడు దేవేంద్రప్ప.

చేంతాడు చుడుతున్న బొజ్జన్న చేయి ఆగింది.

గురమ్మ కడవ దించింది. "బావిలో నూనె పోస్తారా?"

"పోసి ఎత్తేస్తామండీ. ఒక్క చుక్క మిగలకూడదండీ."

"మిగిలితే?"

"పరీక్ష తప్పినట్టండీ."

"పరీక్ష సంగతి కాదు సారూ. మేము తాగేదేంది?"

ఆనందం కాస్త ఇబ్బంది పడ్డాడు. "తాగే నీళ్లకు వేరే డేరా ఉందండీ" అన్నాడు.

"ఊరికి పేరొస్తాది గురమ్మా" అన్నాడు దేవేంద్రప్ప. "ఒక్క బావి ఇయ్యలేమా?"

"మీ ఇంట్లో గొడ్లతొట్టి ఉండాది గదప్పా. దాంట్లో పోసుకో పో."

"తొట్టి సముద్రమెట్ల అయితాది?"

"బావి ఎట్ల అయితాది మరి?"

"బావికి లోతుండాది గదమ్మా!"

గురమ్మ నెత్తి కొట్టుకుని మొగుడి వైపు చూసింది. బొజ్జన్న పీపాను చూశాడు, బావిని చూశాడు.

"ఎప్పుడు?" అన్నాడు.

"ఎండ తగ్గాక, సాయంత్రమండీ."

"ఊ" అన్నాడు బొజ్జన్న.

"ఊ అంట!" గురమ్మకు ఒళ్లు మండింది. "మీ తాత గడ్డపార పట్టి తొవ్విన బావి. బొగ్గుకుండ చేస్తామంటే ఊ అంటాండావా? నీకు నోరెందుకు పెట్టినాడయ్యా ఆ దేవుడు?"

బొజ్జన్న మిగిలిన చేంతాడు చుట్టేశాడు.

మధ్యాహ్నం ఆనందం దేవేంద్రప్ప ఇంట్లో కొర్రన్నం, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి తిని నడవలో నడుం వాల్చాడు. ఆయనతోపాటు ప్రెసిడెంటు కూడా వాల్చాడు. పీపా బావి దగ్గర చింతచెట్టు నీడలో ఉంది. బొజ్జన్న దాని ముందు గొంతుక్కూర్చున్నాడు. కొట్టి తరిమే మనిషి కాదు, కాళ్లు పట్టుకునే మనిషీ కాదు. సంఘం పోతే ఊరంతా విత్తనాలు లేక కూర్చోవాలి. పీపా ఒలికితే ఊరంతా గొంతెండి కూర్చోవాలి. ఎంతసేపు చూసినా పీపా ఏమీ చెప్పలేదు.

ఎవరో చేదుకుంటుంటే గిలక కీచుమంది. అది ఏళ్ల తరబడి అరుస్తూనే ఉంది. ఆముదం పూస్తే రెండు పూటలు ఊరుకుని మళ్లీ మొదలుపెట్టేది.

బొజ్జన్న లేచాడు. గిలకను ఊడదీసి, బావికి దూరంగా మోసుకుపోయాడు. పీపా మూత వదులు చేసి కొబ్బరిచిప్పలోకి కొంచెం నల్లనూనె వంచాడు. గిలక బొక్కలో పూసి, పైన అంటుకున్నదాన్ని గుడ్డతో శుభ్రంగా తుడిచాడు. తెచ్చి బిగించాడు. లాగితే గిలక తిరిగింది. చప్పుడు లేదు.

కాసేపటికి వీధిలో అలజడి పుట్టింది. ముందు ఏసన్న పరుగెత్తుకొచ్చాడు.

"ఏమప్పా బొజ్జన్నా, గిలక ఇనపడలేదే! బావి ఎండిపాయనా?"

బొజ్జన్న చేంతాడు వదిలాడు. బొక్కెన దూది పడ్డట్టు దిగింది. ఏసన్న నోరు తెరిచాడు.

"అబ్బ, ఎన్నపూస మాదిరి తిరుగుతాంది! ఏం పూసినావప్పా?"

బొజ్జన్న పీపా వైపు వేలు చూపించాడు.

"ఇంకా ఉండాదా?"

"ఉండాది."

"నా బండికి రోంత కందెన తీసుకోనా? ఎవురన్నా ఏమన్నా అంటారేమో."

బొజ్జన్న బావిలోకి తొంగిచూశాడు. అడుగున నీళ్లు రూపాయి బిళ్ల మాదిరి మెరుస్తున్నాయి.

"ఎత్తేదే గదా మన పని" అన్నాడు.

ఆయన అంత పొడుగు మాట అనడం ఏసన్న అంతకుముందు వినలేదు. కందెన కొమ్ము తేవడానికి పరుగెత్తాడు.

తరువాత బొజ్జన్న ఎవరినీ పిలవలేదు. గిలక అరవకపోవడమే ఊరందరినీ పిలిచింది. బావి ఎండిందని ఏడుస్తూ వచ్చినవాళ్లు ముంతలకోసం వెనక్కి పోయారు. బండ్లున్నవాళ్లు ఇరుసులకు తీసుకున్నారు. మిద్దెలున్నవాళ్లు పైకప్పు దంతెలకు చెదలు పట్టకుండా తీసుకున్నారు. ఏమీ లేనివాళ్లు, పక్కింటివాళ్లు తీసుకున్నారని తీసుకున్నారు. తోపులాట మొదలయ్యేసరికి దేవేంద్రప్ప పంచె సరిచేసుకుంటూ వచ్చాడు.

"ఎవురికి చెప్పి తీస్తాండార్రా?" అని అరిచాడు. "సర్కారు నూనె! ఇట్ల మీద పడితే ఎట్ల? నీళ్లకు నిలబడినట్ల వంతు ప్రకారం తీయండి!" తరువాత దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి, "బొజ్జన్నా, మా వాకిలి తలుపు గూడా శానా అరుస్తాంది. ఒక చెంబు" అన్నాడు.

బొజ్జన్న వరస చివరికి వేలు చూపించాడు. దేవేంద్రప్ప తన వంతులో నిలబడ్డాడు.

సాయంత్రం ఆనందం ముఖం కడుక్కుని, ఈల మెడలో వేసుకుని వచ్చాడు. ఊరంతా బావి చుట్టూ చేరింది. ఎవరూ చేతులు బయట పెట్టలేదు. ఆయన ఈల వేశాడు. సొరబుర్రల దండను బావిలోకి దించసాగారు. అది సముద్రానికి కట్టిన దండ. దించేకొద్దీ ఉంది. బుర్ర మీద బుర్ర ఎక్కి, బావి సగానికి నిండింది. నీళ్లు కనబడడం మానేశాయి.

"కంచె బలంగా ఉందండీ" అన్నాడు ఆనందం. "ఇప్పుడు ఒలకబోయండి."

ఏసన్న పీపాను బావి గట్టు మీద పెట్టి వంచాడు. ఏమీ రాలేదు. ఇంకా వంచాడు. మూతి అంచున ఒక్క చుక్క నల్లగా ఉబ్బి, వేలాడింది. బొజ్జన్న ముందుకు వంగి అరచేయి పెట్టాడు. చుక్క అరచేతిలో పడింది. తలగుడ్డకు తుడుచుకున్నాడు.

ఆనందం పీపాలో తలపెట్టి, "ఏమండీ" అన్నాడు. పీపా కూడా ఏమండీ అంది.

తల బయటకు తీసి, "నూనె ఏదండీ?" అని అడిగాడు.

"ఎత్తేసినాము" అన్నాడు బొజ్జన్న.

"ఒలక్కుండానేనాండీ?"

గురమ్మకు అప్పుడు అర్థమైంది. మొగుణ్ణి ఒకసారి కిందినుంచి పైదాకా చూసి, ముందుకు వచ్చింది. "ఒలికినాక ఎత్తేది గొప్ప కాదని మీరే అంటిరి గదా సారూ. ఒలక్కముందే ఎత్తితిమి. ఊరంతా కలిసి ఎత్తితిమి. తప్పయితే చెప్పండి."

ఆనందం చుట్టూ చూశాడు. బండి ఇరుసులు నల్లగా ఉన్నాయి. తలుపులు నల్లగా ఉన్నాయి. ప్రెసిడెంటు మీసం ఒకవైపు మరీ నల్లగా ఉంది. ఆనందం కళ్లు చెమ్మగిల్లాయి.

"తూర్పున ఎన్నో రేవులు తిరిగానండీ" అన్నాడు. "అరుగు మీద నేను చెప్పిన ముక్క ఎవరూ నమ్మలేదండీ. అసలు నేనే నమ్మలేదండీ." కాయితం తీసి, నీళ్ల మీద ఒక్క చుక్క కూడా మిగల్లేదని రాశాడు. అందులో అబద్ధం లేదు.

దండ పైకి లాగారు. ఆనందం దాహమన్నాడు. బొజ్జన్న చేయి కడుక్కుని, చప్పుడు లేని గిలక మీద బొక్కెన వదిలి నీళ్లు చేదాడు. ఆనందం దోసిలి పట్టి కడుపునిండా తాగాడు.

"ఎంత తియ్యగా ఉన్నాయండీ!"

"తాగేదానికే" అన్నాడు బొజ్జన్న.

పోతూ పోతూ ఆనందం మంచి మాట చెప్పి పోయాడు. ఇంత నేర్పున్న సంఘాన్ని ఊరికే ఉంచకూడదట. ఇకమీదట మళ్లీ మళ్లీ పీపాలు పంపిస్తారట, ఒకటి కాదు, బండెడు. విత్తనాలు కూడా ముందుగానే వస్తాయట. దేవేంద్రప్ప జేజేలు కొట్టించాడు. ఆనందాన్ని ఎక్కించుకుని ఏసన్న బండి ముద్దనూరు దారి పట్టింది. ఊరు దాటినా అరుపు లేదు. నీడ జారిపోయినట్టు పోయింది.

బొజ్జన్న ఆ దారినే చూస్తూ నిలబడ్డాడు. పోయేటప్పుడు వినబడని బండి, పీపాలతో వచ్చేటప్పుడూ వినబడదు.

మరునాడు పొద్దున్నే పాతగుడ్డ, పిడికెడు బూడిద పట్టుకుని ఏసన్న ఇంటికి పోయాడు. బండి కిందికి దూరి ఇరుసు తుడవడం మొదలుపెట్టాడు.

"ఏమప్పా, ఏం చేస్తాండావు?" ఏసన్న లబలబలాడాడు. "ఇన్నాళ్లకు నా ఎద్దులు సుఖంగా లాగుతాండాయి. అవి నీకేం పాపం చేసినాయి?"

"ఇంక బావి కాడ మొదటి వంతు నీది" అన్నాడు బొజ్జన్న.

ఏసన్న రెండో చక్రం తనే విప్పాడు.

బూడిదతో తోమి తోమి ఇరుసు తెల్లబడ్డాక బొజ్జన్న చక్రాలు ఎక్కించి బండిని ముందుకు ఒక్క తోపు తోశాడు. బండి కెవ్వుమంది. వీధి చివర ఎవరి ఇంట్లోనో పసిపిల్ల లేచి ఏడ్చింది. బొజ్జన్న తలగుడ్డ దులుపుకుని బావి దగ్గరికి పోయాడు.