మిరుగు నాటి మూడో చరణం

ఆ పొద్దున మబ్బులు మహారాష్ట్ర వైపు నుంచి వచ్చి టేకుగుట్టల మీద ఆగాయి. చినుకు రాల్చలేదు. గాలి మాత్రం తడివాసన మోసుకొచ్చింది. మిరుగు రోజది. మృగశిర కార్తెను మేము మిరుగు అంటాం. ఆ రోజు ప్రతి ఇంట్లో చేప ఉడకాలి.

మా వాగు మడుగులో ఈసారి చేప లేదు.

ఎందుకు లేదో నాకు తెలుసు. ఎండాకాలంలో ఒకనాడు తెల్లవారుతుండగా ఎడ్లను నీళ్లకు తోలుకుపోయి, మడుగు ఒడ్డున సంతోష్‌రావు ట్రాక్టరును చూశాను. ఆయనకు ఖానాపూర్‌లో ఎరువుల దుకాణం ఉంది. గడువు దాటిన గడ్డిమందు డబ్బాలు ట్రాక్టరు నిండా ఉన్నాయి. ఆయన ఒడ్డున నిలబడి చెబుతుంటే, జీతగాడు బాలమల్లు ఒక్కో మూతా తీసి మడుగులో ఒంపుతున్నాడు. నీలి మూతలు రాళ్ల సందుల్లో పడ్డాయి. నేను ఎడ్లను వెనక్కు మళ్లించాను. మూడో రోజుకు చేపలు తెల్లటి కడుపులతో పైకి తేలాయి.

ఆ మాట నా భార్య ఆనందమ్మకు తప్ప ఎవరికీ చెప్పలేదు. నేను పత్తి వేసే ఐదెకరాలు సంతోష్‌రావువే. కౌలుకు కాగితం లేదు. పన్నెండేళ్లుగా ఉగాది నాడు ఆయన "చేసుకో సామేలూ" అంటాడు, నేను దున్నుకుంటాను. ఈ ఏడూ రెండుసార్లు దున్ని, పెంట ఎరువు తోలి ఉంచాను.

నేను కడుపులో పెట్టుకున్న మాటను ఆనందమ్మ పాటగా కట్టింది.

ఆదిలాబాద్‌లో ఒక చిన్న ఎఫ్.ఎం. రేడియో ఉంది. మిరుగు నాడు పదింటికి 'వానా పాటా' అని లైవ్ కార్యక్రమం పెట్టారు. పాటలు, మధ్యలో నీళ్ల గురించీ చెట్ల గురించీ మాటలు, వినేవాళ్ల ఫోన్లు. మా చర్చి పాటల జట్టును పిలిచారు. ఆనందమ్మ, ఆమె తమ్ముడు సాల్మన్, అతని భార్య గ్రేస్, డోలక్ కొట్టడానికి నేను. మొదటి బస్సుకు బయలుదేరి పోయాం.

రేడియో నడిపే దశరథం పాట కాగితం పట్టుకుని వచ్చాడు. మూడో చరణం మీద పెన్సిలుతో అడ్డగీత ఉంది.

"ఇది వద్దమ్మా. రెండే పాడుండ్రి."

"రెండు చరణాలల్ల వానొచ్చింది, వాగు నిండింది. చేప ఏమైందో చెప్పొద్దా సార్?"

"సంతోష్‌రావు పేరు పెట్టిండ్రు మీరు అండ్ల. ఈ ప్రోగ్రాంకు ఖర్చు పెట్టుకున్నదే ఆయన దుకాణం. అయినా ఎవలన్న చూసిండ్రా?"

ఆనందమ్మ నా వైపు చూడలేదు. నేను డోలక్ తాళ్లు బిగించుకుంటూ కూర్చున్నాను. అవి అప్పటికే బిగిసి ఉన్నాయి.

దశరథం పోయాక సాల్మన్ మెల్లగా అన్నాడు. "అక్కా, బావ చేను పోతది. దున్నింది పోతది, తోలిన పెంట పోతది. జర ఆలోచించు."

"నీకు చేను ఫికరా, రేడియోల నీ గొంతు వస్తదో రాదో అని ఫికరా?"

గ్రేస్ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "పొద్దటిసంది ఇస్త్రీ అంగే చూసుకుంటుండు వదినె. రేడియోల అంగి కనబడదంటె ఇంటలేడు."

ఆనందమ్మ నా దగ్గరికి వచ్చి కూర్చుంది. అత్తగారింట్లో ఉన్న మా బిడ్డ పేరుతోనే నన్ను పిలుస్తుంది. "స్తుతి బాపూ, నువ్వు చెప్పు. పాడాల్నా, వద్దా?"

నేను మళ్లీ డోలక్ తాళ్ల మీద చెయ్యి వేశాను.

"నీతోని గిదే," అని లేచిపోయింది.

లోపల ఆనందమ్మకు ఒక మైకు, మా ముగ్గురికీ కలిపి ఒక మైకు పెట్టారు. మా చర్చిలో పాట పాడే తీరుకు అది సరిపోయింది. వెనకటి మనుషులకు చదువు రాదు. ఒకరు లైను అందిస్తే మిగతా అందరూ దాన్నే అందుకునేవాళ్లు. ఎవరూ అందుకోకపోతే అందించే మనిషి ముందుకు పోదు, అదే లైను మళ్లీ అంటుంది. ఇప్పుడు అందరికీ చదువొచ్చినా ఆ తీరు మారలేదు.

అద్దం అవతల దశరథం ముందు చిన్న చిన్న పచ్చలైట్లు రెండు వరసల్లో ఉన్నాయి. ఆనందమ్మ పాడితే ఒక వరస ఎగురుతుంది. మేము అందుకుంటే రెండోది ఎగురుతుంది. డోలక్ కొడుతూ దాన్నే చూస్తున్నాను. కార్యక్రమం నడిపే రుచిత అనే అమ్మాయి సంతోష్‌రావు దుకాణం పేరు చదివి, మమ్మల్ని పాడమంది.

*మిరుగొచ్చెనమ్మ మిరుగొచ్చె, మబ్బుల మీదెక్కి మిరుగొచ్చె...*

రెండు చరణాలు బాగా పోయాయి. ఆనందమ్మ ఆగలేదు.

*నీలిమూతల డబ్బలొచ్చె, సంతోష్‌రావు ట్రాక్టరొచ్చె...*

దశరథం ఒక మీటను కిందికి జరిపాడు. మొదటి వరస లైట్లు ఆరిపోయాయి. ఆనందమ్మ గొంతు గదిలోనే ఉంది, బయటికి పోవడం లేదు. ఆమెకు అది తెలియదు. సాల్మన్, గ్రేస్ నోళ్లు మూసుకున్నారు. ఎవరూ అందుకోలేదు కాబట్టి ఆమె అదే లైను మళ్లీ అంది. మళ్లీ ఎవరూ అందుకోలేదు. మూడోసారి కూడా ఆమె అదే లైను అంది. అప్పుడు నాకు ఎడ్లను వెనక్కు మళ్లించిన ఆ పొద్దు కళ్లముందుకు వచ్చింది.

నేను పాటగాణ్ణి కాను. చర్చిలో కూడా పెదవులు కదిలించడమే. నోరు తెరిచి లైను అందుకున్నాను. కాకి అరిచినట్టే వచ్చింది. రెండో వరస లైట్లు ఎగిరాయి. తరువాతి లైనుకు గ్రేస్ కలిసింది. ఆ తరువాత సాల్మన్, అందరికంటే గట్టిగా.

*మందు మడుగుల ఒంపిపోయె, చేపలన్ని తేలిపోయె...*

దశరథం లేచి నిలబడి రెండో మీట మీద చెయ్యి వేశాడు. ఇవతలి నుంచి రుచిత అరచెయ్యి ఎత్తి చూపింది. ఆయన చెయ్యి అక్కడే ఆగింది.

పాట అయ్యాక ఆ అమ్మాయి మైకు దగ్గరికి వంగింది. "ఇది ఎవరైనా చూశారా?"

"నేను చూసిన," అన్నాను. "నా పేరు సామేలు. గాయన చేనే నేను కౌలుకు చేస్త."

మొదటి ఫోను ఖానాపూర్ నుంచి వచ్చింది. ముసలి గొంతు. "నేను లీలాబాయిని. సంతోష్‌రావు తల్లిని. ప్రతి మిరుగుకు సామేలు ఇంటినుంచి మా ఇంటికి వాగు చేపలు వస్తుండె. ఈసారి రాలే. మర్శిపోయిండనుకున్న. ఆ మూడోది మల్లొకసారి పాడుమనుండ్రి."

పాడాం. ఈసారి రెండు వరసలూ ఎగిరాయి.

మేము ఇంటికి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. బాలమల్లు వాకిట్లో నిలబడి ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో, పక్కన ఏడెనిమిది బీడీ ముక్కలు పడి ఉన్నాయి.

"దొర చెప్పి రమ్మన్నడు. చేన్ల ఇగ నాగలి పెట్టొద్దన్నడు," అన్నాడు నేల చూస్తూ.

"సరే," అన్నాను.

"తల్లీకొడుకులకు పొద్దటిసంది మాటల్లెవ్వు. అయినా గదే మాట మీదున్నడు."

ఆనందమ్మ చెప్పులు విడిచి కాళ్లు కడుక్కుంది. "దొరకు నా మాట గుడ ఒకటి చెప్పు బాలమల్లూ. నాలుగో చరణం కడుతున్ననని చెప్పు. చేను గుంజుకున్న ముచ్చట అండ్లకస్తది." చెంబు పక్కన పెట్టి, "బువ్వ తిన్నవా?" అని అడిగింది.

"లే."

"కూసో మరి."

పోయిన మిరుగుకు వాగులో పట్టిన చేపలు కొన్ని ఎండబెట్టి కుండలో దాచింది. వాటినే చింతపులుసు పోసి వండింది. గ్రేస్ అన్నం వార్చింది. అయిదు పళ్లేలు వేశారు. బాలమల్లు నీళ్ల గోలెం దగ్గర చేతులు చాలాసేపు కడుక్కున్నాడు. వచ్చి నా పక్కన కూర్చుని, పళ్లెంలోని చేపముక్కను చూస్తూ ఉండిపోయాడు. ఆనందమ్మ అతనికి ఇంకొంచెం పులుసు పోసింది.

అతను ముద్ద కలిపాడు. అందరం తిన్నాం.