మొటిమ మాస్టారి వాటా

మొటిమ మాస్టారి పేరు మీద పదమూడు వందల పన్నెండు పరిశోధన వ్యాసాలున్నాయి. ఆయన పూర్తిగా చదివినవి అందులో నలభై ఉంటాయేమో. కణ భౌతికశాస్త్రంలో అదేం తప్పు కాదు. విదేశంలో కణాలను ఢీకొట్టించే పెద్ద యంత్రం దగ్గర మూడు వేల మంది పనిచేస్తారు. ఏ మూల ఎవరు ఏం రాసినా మూడు వేల పేర్లూ అక్షరక్రమంలో ఎక్కేస్తాయి. వ్యాసం నాలుగు పేజీలైతే హాజరుపట్టీ ఇరవై పేజీలు. మాస్టారు ఏటా రెండు నెలలు అక్కడికి వెళ్లి కేబుళ్లు బిగించి వస్తారు. మిగతా పది నెలలూ ఆయన నిద్రపోతున్నా వ్యాసాలు అచ్చవుతూనే ఉంటాయి.

ఆ ధీమాతోనే ప్రొఫెసర్ పదవికి మూడోసారి దరఖాస్తు పెట్టారు. ఈసారీ రాకపోతే నేలమాళిగలో ఆయన ప్రయోగశాల ఖాళీ చేయించి విరిగిన కుర్చీలు పడేసుకుంటామని యూనివర్సిటీ ఆఫీసువాళ్లు మొహమాటం లేకుండా చెప్పారు. సరిగ్గా అప్పుడే కొత్త రూలొకటి ఊడిపడింది. యాభై మందికి మించి రచయితలున్న వ్యాసాలు లెక్కలోకి రావట.

తీసేయగా మిగిలినవి రెండు.

మొదటిది ఆయన ఒక్కరే రాసింది. పన్నెండేళ్ల కిందట, నేలమాళిగలో సొంతంగా కట్టుకున్న చిన్న యంత్రంలో, గ్రాఫులో నున్నగా సాగాల్సిన గీత మీద మొటిమలాంటి ఉబ్బు లేచింది. కొత్త కణం దొరికిందని అచ్చు వేయించారు. తీరా చూస్తే పక్కగోడ అవతల లిఫ్టు కదిలినప్పుడల్లా మొటిమ లేస్తోంది. ఆయనకా పేరు అప్పుడు అంటుకున్నదే. ఆ వ్యాసాన్ని ఇప్పటికి నాలుగు వందల పన్నెండు మంది ఉటంకించారు. మెచ్చుకున్నవాడు ఒక్కడూ లేడు. అందరూ "ఇలాంటి పొరపాట్లు జరక్కుండా" అని మొదలుపెట్టి ఆయన వ్యాసం నంబరు వేసినవాళ్లే.

రెండోది ఆ తప్పు ఒప్పుకుంటూ రాసింది. దాన్ని ఉటంకించినవి రెండే. ఒకటి, మూడు వేల మంది కళ్లుగప్పి మాస్టారే పెద్ద వ్యాసంలో దూర్చింది. ఇంకొకటి, మొదటిదాన్ని తిట్టబోయి ఎవరో నంబరు తప్పు వేసింది.

దరఖాస్తులో ఒక్కటే చూపాలి. మొదటిదే పెట్టమని ఆఫీసు గుమాస్తా సలహా ఇచ్చాడు. కంప్యూటరుకి తిట్టేదో పొగడ్తేదో తెలియదన్నాడు. మాస్టారికి మనసు లాగింది. ఇంట్లో ఆ మాట అంటే భార్య నవ్వింది.

"తిట్లు లెక్కపెట్టి పదవులిస్తారంటే మా తమ్ముడు ఎప్పుడో ప్రొఫెసరయ్యేవాడు."

చివరికి 'నా అత్యుత్తమ పరిశోధన' అన్న గడిలో మొటిమను రాయడానికి చెయ్యి రాలేదు. రెండోదే రాశారు. రాశాక అసలు చిక్కొచ్చింది. రచయితలు ఇద్దరైతే, అభ్యర్థి వాటా ఎంత శాతమో రెండో రచయిత సంతకం చేసి ఇవ్వాలి. ఆ రెండో రచయిత లిఫ్టు మెకానిక్కు. భార్యకు సొంత తమ్ముడు.

మేడ మీది మోటారు గదిలో బావమరిది గ్రీజు చేతులు గుడ్డకు తుడుచుకుని కాగితం అందుకున్నాడు.

"శాతం వెయ్యాలా బావా?"

"నీకు తోచింది వెయ్యి."

"నాకు తోచింది వేస్తే నువ్వు కుర్చీల కింద పడతావు." కాగితం తిరగేసి చూశాడు. "లిఫ్టు కదిలితే నీ పెట్టె టకటకమంటోందని నీకు ముందే చెప్పాను. నువ్వేమన్నావో గుర్తుందా?"

గుర్తుంది. స్క్రూలు నువ్వు బిగించుకో, కణాల సంగతి నాకొదిలెయ్ అన్నారు. అన్న నెలకే వ్యాసం అచ్చయింది.

"తర్వాతొచ్చి ఆరు వందల సార్లు లిఫ్టెక్కి దిగావు. ప్రతిసారీ టైము రాసుకుంటూ. జనం నీకు పిచ్చెక్కిందనుకున్నారు. అదెందుకు?"

"నువ్వు చెప్పింది నిజమో కాదో చూడాలి కదరా."

"నిజమని నాకు తెలుసుగా."

"నీకు తెలుసు. మిగతావాళ్లకి తెలియాలంటే ఎవడో ఒకడు ఎక్కి దిగాలి."

బావమరిది గోడవైపు తిరిగి, ఏదో రాసి, కవరు అంటించి ఇచ్చాడు.

ఇంటర్వ్యూలో కమిటీకి పెద్ద, కెమిస్ట్రీ మేడమ్. కవరు చింపి, రెండుసార్లు చదువుకుని, పైకి చదివింది. "లిఫ్టు అని చెప్పింది నేను. ఔనని ఆరు వందల సార్లు తేల్చింది బావ. చెరి సగం. మొదటి వ్యాసంలో తప్పు మాత్రం పూర్తిగా ఆయనదే. అందులో నాకు వాటా వద్దు."

ఆ రచయితది ఏ డిపార్ట్‌మెంటని అడిగింది.

"లిఫ్టండీ," అన్నారు మాస్టారు.

ఒక సభ్యుడు రెండంటే రెండే ఉటంకింపులని గొణిగాడు. మేడమ్ వినిపించుకోలేదు. లిఫ్టు ఎక్కువగా ఏ వేళప్పుడు తిరుగుతుందని మాస్టారిని అడిగింది. భోజనాల వేళ అన్నారాయన. ఆవిడ గదిలో తూకం యంత్రం రెండేళ్లుగా ఆ వేళకే వణుకుతోంది. చేతులు కడుక్కోరని, ఊపిరి ఊదుతారని ఇద్దరు విద్యార్థులను తిడుతూ వస్తోంది. ఆ గదికీ లిఫ్టుకీ గోడ ఒకటే. ఆ వ్యాసం కాపీ ఒకటి ఇచ్చి వెళ్లమంది.

పది రోజులకు పదవి కాగితం వచ్చింది. విరిగిన కుర్చీలు వరండాలోనే ఉండిపోయాయి. ఆరు నెలలకు మేడమ్ వ్యాసం అచ్చయింది. మాస్టారు దాన్ని పట్టుకుని, లిఫ్టు కోసం ఆగకుండా మెట్లెక్కి మోటారు గదికి వెళ్లారు.

"మనదానికి మూడయ్యాయిరా. ఈవిడ థాంక్స్ కూడా చెప్పింది."

"మరి మొటిమకో?"

మాస్టారు చివరి పేజీ తిప్పారు.

"అదీ వేసింది. నాలుగు వందల పదమూడు."

"అందులో నాకు వాటా లేదని ముందే రాసిచ్చాగా," అని బావమరిది మోటారు మూత బిగించడంలో పడ్డాడు.