మురిగిపోయిన ప్రశ్న

దేవదానం సారు టీచర్ల తరఫున శాసనమండలి సభ్యుడిగా ఉన్నన్నాళ్లు, మట్టెవాడలో ఆయన వాకిట్లో చెప్పులు విడవడానికి చోటుండేది కాదు. ఎనభై ఐదు జూన్‌లో మండలి రద్దయింది. దండగమారి ఖర్చని ప్రభుత్వం అంది, శాసనసభ సరేనంది, ఢిల్లీ ఒప్పుకుంది. అంతే, వాకిలి బోసిపోయింది. భార్య పోయినప్పుడు కూడా ఆ ఇల్లు ఇంత మూగబోలేదు. సిఫారసు చేయలేని మనిషి ఇంట్లో చాయ్ కూడా చేదేమో మన జనానికి!

రావడం మాననిది ఏసమ్మ ఒక్కతే. నెక్కొండ దగ్గరి పల్లెలో బడి కప్పు కూలి ఆమె కూతురు చచ్చిపోయింది. ఆ కప్పు వేసి రెండేళ్లయినా కాలేదు. విచారణ జరిగింది గానీ తప్పెవరిదో బయటికి రాలేదు. సారు మండలిలో ప్రశ్న వేశాడు. సభలో అడిగితే మంత్రి లేచి జవాబు చెప్పక తప్పదు. మంత్రి గడువు అడిగాడు, వచ్చే సమావేశాల్లో చెబుతానన్నాడు. ఆ సమావేశాలే లేకుండా పోయాయి. ప్రశ్న మురిగిపోయింది.

సారు ఊరుకోలేదు. హైదరాబాదు పోయి విద్యాశాఖ ఆఫీసులో అడిగాడు. ఇదివరకు ఆయన్ను చూడగానే లేచి నిలబడే అధికారి ఈసారి కూర్చునే మాట్లాడాడు.

"సభకైతే చెప్పాలి సార్. మీకెందుకు చెప్పాలి?"

పాత శిష్యుడు వెంకట్రాజం ఇప్పుడు అధికార పార్టీ ఎమ్మెల్యే. అతని గడపా తొక్కాడు.

"మా సర్కార్‌ను నేనే ఎట్ల అడుగుత సార్? మల్ల టికెట్ ఇస్తరా నాకు?" అన్నాడు వెంకట్రాజం. కాళ్లకు దండం పెట్టి మరీ సాగనంపాడు. దండాలకేం కొదువ!

ఆదివారం చర్చి నుంచి నేరుగా ఏసమ్మ వచ్చింది.

"ఏమన్నరు సార్? తప్పెవలదట?"

ఇక ఆ మాట అడిగేందుకు తనకో చోటంటూ లేదని ఈ తల్లికి ఎలా చెప్పాలి? సారుకు దుఃఖం ముంచుకొచ్చింది. అలవాటుకొద్దీ, సభలోలాగే కుర్చీలోంచి లేచాడు. ఖాళీ గదిలోకి చూస్తూ అడిగాడు.

"అధ్యక్షా, ఆ బడి కప్పు కూలడానికి బాధ్యులెవరో మంత్రిగారు చెబుతారా?"

ఏసమ్మ దాన్ని ప్రార్థన అనుకుంది. కొంగు తలమీదికి లాక్కుని, కళ్లు మూసుకుని తనూ నిలబడింది. ప్రశ్న అడిగాక జవాబు కోసం ఆగడం సారుకు అలవాటు. ఇద్దరూ అలాగే నిలబడ్డారు. ఎంతకూ ఏ మాటా వినబడకపోయేసరికి ఏసమ్మే "ఆమెన్" అంది.

ఇది ప్రార్థన కాదని చెప్పబోయాడు.

"వచ్చే ఐతారం గూడ అడుగుండ్రి సార్, నేనొస్త" అంది ఏసమ్మ కళ్లు తుడుచుకుంటూ. "మీరు గూడ అడుగుడు ఆపితే, నా బిడ్డ ఉండెనన్న ముచ్చట ఎవలకు యాదుండది."