కుడిపక్క గుండె

ఆ ఇంటి ముందుగదిలో కుట్టుమిషన్ ఆగిపోయి నెల కావస్తోంది. బట్టలు కుట్టే కోడలి ఒళ్లో నెలైనా నిండని పసివాడు గురగురమంటూ ఊపిరి తీస్తున్నాడు. పుట్టిన రోజు నుంచీ వాడికి జలుబే. పాలు తాగితే చాలు, పెదాలు నీలమైపోతున్నాయి.

"నెలలు నిండేదాకా మిషన్ తొక్కకే అంటే విన్నావా?" అని అత్తగారు ఒకటే దెప్పుడు. తప్పు తనదేనని నమ్మేసింది ఆ పిచ్చితల్లి.

పెద్దాసుపత్రిలో స్కాన్ తీశాక డాక్టరమ్మ అందరినీ కూర్చోబెట్టింది.

"బాబు గుండె కుడిపక్క ఉంది. ఊపిరితిత్తుల నుంచి రక్తం తెచ్చే సిరలు చేరాల్సిన చోట చేరలేదు. ఆపరేషన్‌తో సరిచేస్తాం. కానీ మత్తు ఇచ్చేముందు ఈ జలుబు సంగతి తేలాలి. మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా?"

"అబ్బే, మా వంశంలోనే లేదమ్మా!" అంది అత్తగారు ఠక్కున.

పక్కనే ఉన్న ఆమె కూతురు తల దించుకుంది. చిన్నప్పటి నుంచీ విడవని దగ్గు ఆ పిల్లది. గుండె మీద చెయ్యి పెట్టుకోమంటే ఎడమవైపే పెట్టుకోవాలని తల్లి నేర్పింది. పెళ్లి మాటలు నడుస్తున్నాయి మరి, సంగతి తెలిస్తే ఎవరు చేసుకుంటారు?

పసివాడు దగ్గలేక మళ్లీ నీలమయ్యాడు. ఆ పిల్ల చటుక్కున లేచి, ఛాతీకి కుడివైపున చెయ్యి పెట్టుకుంది.

"డాక్టరుగారూ, నా గుండె ఇక్కడుంది. నా జలుబూ ఏనాడూ తగ్గలేదు."

"నోర్ముయ్యవే!"

"పెళ్లి కాకపోతే మానె. వాడు నా మేనల్లుడమ్మా!"

డాక్టరమ్మ ముఖం విప్పారింది. "మంచి పని చేశావు తల్లీ. కఫాన్ని బయటికి ఊడ్చే సన్నని నూగు మన ఊపిరి గొట్టాల్లో ఉంటుంది. కడుపులో బిడ్డకు గుండె ఏ పక్కన ఉండాలో తేల్చేదీ అలాంటి నూగే. అది సరిగా పనిచెయ్యని అరుదైన జబ్బేమో చూస్తాం. ముందు కఫం తీసి, ఆ తర్వాతే మత్తిస్తాం."

"నేను మిషన్ తొక్కినందుకు కాదా?" అంది కోడలు.

"కానే కాదు. ఇది అమ్మానాన్నలిద్దరి నుంచీ, వాళ్లకే తెలియకుండా వచ్చేది."

కోడలు భోరున ఏడ్చింది. ఈసారి గుండె బరువు దిగి.

ఆపరేషన్ బాగా జరిగింది. ఊపిరితిత్తులను జీవితాంతం కనిపెట్టుకోవాలన్నారు. సరే, కనిపెట్టుకుంటారు! పసివాడి పెదాలు ఎర్రబడ్డ రోజున అత్తగారు కోడలి చేతులు పట్టుకుంది. "నా నోరు పడిపోను, ఎన్ని మాటలన్నానే నిన్ను!"

బిడ్డను చూడ్డానికి పెళ్లివారొస్తే గుమ్మంలోనే ఆపింది. "మా అమ్మాయి గుండె కూడా కుడిపక్కే. ఇష్టమైతేనే లోపలికి రండి."

"ముందే చెప్పొచ్చుగా వదినా?" అంటూ పెళ్లికొడుకు తల్లి చెప్పులు విడిచి లోపలికొచ్చింది.

"నలుగురూ ఏమనుకుంటారోనని ఇన్నాళ్లూ దాచాను వదినా. ఆ నలుగురూ వచ్చి నా మనవడికి ఊపిరి పోసేవాళ్లా?"