సుశీలాబాయి హాజరీ పిలిస్తే

ధర్మాబాద్ అవతల ఉన్న ఆ ఊరి జిల్లా పరిషత్ బడిలో ప్రార్థన కాగానే టీచర్ సుశీలాబాయి హాజరీ పిలిచేది. రానివాళ్ల పేర్లు కూడా వదిలేది కాదు. చెరుకు కొట్టడానికి తల్లిదండ్రుల వెంట పోయిన పిల్లలు ఎక్కడున్నా అక్కడినుంచే "హాజర్ బాయి" అని పలికేవాళ్లు. ఆ పలుకు తన వెంట అక్కడి చప్పుడును కూడా ఇంత మోసుకొచ్చేది. ఎడ్ల గంటలు, ట్రాక్టర్ మోత, జొన్నరొట్టె కొడుతున్న చప్పుడు.

"గౌరవ్ నది ఒడ్డుకున్నడు బాయి, నీళ్లు వినవడ్తున్నయ్!" క్లాసులో పిల్లలు పోటీపడి చెప్పేవాళ్లు.

నాందేడ్‌లోని ఒక ప్రైవేటు బడివాళ్లు ఆమెను హెడ్‌మిస్ట్రెస్‌గా రమ్మని చాలాసార్లు పిలిచారు. "ఆడికి పిల్లలు పిలవకున్నా వస్తరు. నేనెందుకు?" అని ఆమె పోలేదు. ముప్పై ఏళ్లకు పైగా అదే గది.

మాఘమాసంలో ఏడో తరగతి ప్రాచి పలుకు వెంట చెరుకాకుల గలగల రావడం ఆగిపోయింది. బదులుగా రోకలి పోటు వచ్చింది. మర్నాడు ఆడవాళ్ల పాటలు.

"ఏం దంచుతున్నరో?" అంది సుశీలాబాయి, చెవి ఒగ్గి.

"పసుపు బాయి," అంది ముందు వరసలోని పూనమ్.

సుశీలాబాయి హాజరీ పట్టీ మూసి ఫోన్ అందుకుంది.

ప్రాచి తండ్రి నాగనాథ్ ఫోన్ ఎత్తలేదు. కూలీలను తోలుకపోయిన ముకాదం, "పిల్ల పెండ్లి ఆదివారమన్నరు బాయి. ఏ ఊర్లనో నాకు ఎర్కలేదు," అన్నాడు. ఊరి పేరు చెప్తే వెంటనే పోతామని పిల్లల హెల్ప్‌లైన్ వాళ్లన్నారు. ఆ ఊరి పేరే ఎవరికీ తెలియదు.

ఆదివారం సుశీలాబాయి బడి తాళం తీసి, ఖాళీ గదిలో నిలబడి పిలిచింది. "ప్రాచి!"

"హాజర్ బాయి!" వెంట బాజాల మోత.

మళ్లీ పిలిచింది. ఈసారి బాజా నడుమనే ఆగింది. "ఎవలకు పలుకుతున్నవే?" ఎవరో ఆడమనిషి గొంతు.

మళ్లీ పిలిచింది. పిల్ల ఏడుస్తూ పలికింది. "ముహూర్తం దాటిపోతది, కూసోబెట్టుండ్రి!" అని ఎవరో కసిరారు.

నాగనాథ్ కూడా ఒకప్పుడు ఈ గదిలో చదివినవాడే. నాలుగో తరగతి నడుమ కొడవలి పట్టుకొని పోయాడు. పట్టీలో అతని పేరు కొట్టేసినప్పటినుంచి ఆమె పిలవలేదు. పిలిస్తే పలుకుతాడా?

"నాగనాథ్!"

ఆమె గొంతు పెంచలేదు. అప్పట్లో పిలిచినట్టే ఇంకోసారి పిలిచింది.

"హా... హాజర్ బాయి."

బొంగురు గొంతు. దాని వెనక ఒక్క చప్పుడూ లేదు. అక్కడున్న జనమంతా నోరు మూసుకున్నట్టుంది.

పేరు తప్ప ఇంకో మాట అంత దూరం పోతుందో లేదో ఆమెకు తెలియదు. అయినా అంది. "పిల్లను తోలుకరా నాయనా."

సోమవారం ప్రాచి పలుకు వెంట బస్సు హారన్ వచ్చింది. మంగళవారం రైలు కూత. పిల్లలు ఆ రైలు ఎటునుంచి వస్తుందో తేల్చుకోలేక వాదులాడుకున్నారు.

బుధవారం పలుకు వెంట ఏ చప్పుడూ రాలేదు. అందరూ చెవులు రిక్కించారు. పూనమ్ ఒక్కతే తలుపు దిక్కు తిరిగింది.

పసుపు వదలని చేతులతో, తాళి లేని మెడతో ప్రాచి గడపలో నిలబడి ఉంది. వెనక నాగనాథ్, చెప్పులు విడిచి, లోపలికి రావచ్చో లేదో తెలియక తల వంచుకొని ఉన్నాడు.

"ఇద్దరూ రాండ్రి," అంది సుశీలాబాయి. "పాఠం ఇంకా షురూ కాలే."