గంటకో పావు చుట్టు

ఆ రోజు మధ్యాహ్నం మా అమ్మాయి ఎక్కడ నిద్రపోయిందో ముందే చెప్పేస్తాను. ఇప్పటికీ నా కళ్ళ ముందు నుంచి కదలనిది అదొక్కటే. మామయ్యగారి బైండింగ్ ప్రెస్సు పక్కన, దాని ఇనుప కాలికి వీపు ఆనించి, మోకాళ్ళు ముడుచుకుని పడుకుంది. ఆ ప్రెస్సులో ఉన్నది నా ల్యాప్‌టాప్. దాన్ని అందులో పెట్టనిచ్చింది నేనే.

మా ఇంటి ముందుగది మామయ్యది, అంటే మావారి నాన్నగారిది. ముప్పై అయిదేళ్ళుగా పుస్తకాలు బైండు చేస్తున్నారు. నేల నుంచి అటక దాకా కాగితమే. అట్టలు, గుడ్డ చుట్టలు, కత్తిరించగా మిగిలిన చీలికల బస్తాలు, వాటి మధ్య మనిషి పక్కకి తిరిగి నడవాల్సినంత దారి. వంటింటి పక్కన కిటికీ దగ్గర నా బల్ల. పరిశోధన చేసేవాళ్ళు చేతిరాత కట్టలు తెచ్చిస్తే నేను టైపు చేస్తాను, ఆయన బైండు చేస్తారు. మావారు దూరప్రాంతాల బస్సులు నడుపుతారు, మూడు రోజులకోసారి గాని ఇంట్లో కనబడరు. ఇక మిగిలింది మా అయిదేళ్ళ పిల్ల. ఒక్కచోట నిలవదని వాళ్ళ తాతయ్య దానికి బొంగరం అని పేరు పెట్టారు.

గురువారం నాడు బొంగరం నా బల్ల మీద గ్లాసెడు నీళ్ళు ఒలకబోసింది. నీళ్ళు ల్యాప్‌టాప్ కిందికి పాకాయి. నేను ఒంటికాలి మీద లేచాను. యంత్రాన్ని ఎత్తి, తుడిచి, దానికేమీ కాలేదని చూసుకున్నాక కూడా కోపం దిగలేదు. అప్పుడు కొట్టాను. చెంప మీద, అయిదు వేళ్ళూ కనబడేలా. తుడవకముందు కొట్టి ఉంటే కంగారులో చెయ్యి జారిందని నాకు నేను చెప్పుకునేదాన్ని. తుడిచాక కొట్టాను.

అది ఏడవలేదు. ఆ సాయంత్రం నుంచి గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, బల్లలకీ గోడలకీ దూరంగా గది నడిమధ్యకి వెళ్ళి నీళ్ళు తాగడం మొదలుపెట్టింది. మామయ్య చూసి నవ్వారు. నేను కూడా నవ్వాను.

ఆదివారం పొద్దున టచ్‌ప్యాడ్ మొండికేసింది. వేలు పెట్టి ఎటు జరిపినా తెర మీద బాణం గుర్తు కదల్లేదు. నొక్కితే నొక్కుడు పడలేదు. ఆపి మళ్ళీ వేశాను. మెత్తటి గుడ్డతో తుడిచాను. టచ్‌ప్యాడ్‌ని ఆపేసే మీట ఒకటి పై వరసలో ఉంటుంది, పొరపాటున తగిలిందేమోనని దాన్నీ నొక్కి చూశాను. సెట్టింగుల్లోకి వెళ్ళి వెతికాను, అందులో అంతా సవ్యంగానే ఉంది. చివరికి పక్కింటి టీచరమ్మ దగ్గర మౌస్ అడిగి తెచ్చి తగిలిస్తే బాణం పరుగెత్తింది. ప్రాణం లేచొచ్చింది. యంత్రం బాగానే ఉంది, చెడింది ఆ ఒక్క పలకే అనుకున్నాను.

"నీళ్ళు దిగుంటాయి" అన్నారు మామయ్య, గుమ్మంలో నిలబడి.

బొంగరం ఆయన కాళ్ళ చాటు నుంచి నా వంక చూసింది. నేను అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. మౌస్‌తోనే కూర్చుని మిగిలిన పేజీలు పూర్తిచేసి పెన్‌డ్రైవ్‌లో వేసుకున్నాను. పని చేస్తున్నంతసేపూ సన్నగా ఏదో తియ్యటి వాసన తగులుతూనే ఉంది, గోళ్ళరంగు సీసా మూత తీసినట్టు. మామయ్య జిగురు మార్చారు కాబోలనుకున్నాను. అడుగుదామన్నా ఆయన ముక్కు పనిచేయడం మానేసి పదేళ్ళయింది.

సోమవారం పొద్దున మూత వేయబోతే పడలేదు. ఒక మూల వేలెడు సందు. బల్ల మీద పెడితే ఇటు నొక్కితే అటు లేస్తూ ఊగింది. మామయ్య దాన్ని తిరగేసి, కళ్ళు మూసుకుని, అరచేత్తో అడుగుభాగం అంతా నిమిరారు. కొత్త అట్ట వంకర పోయిందో లేదో చూసేటప్పుడు అచ్చం అలాగే చేస్తారు.

"ఉబ్బిందమ్మాయ్. తేమ పట్టింది. మన అట్టల్లాగే."

"మరేం చేద్దాం మామయ్యా?"

"ఏముంది? ప్రెస్సులో పెడతాను. ఒక్కపూట చాలు."

మా ఇంట్లో ఏది వంగినా, ఉబ్బినా, ముడతపడినా ప్రెస్సులోకే వెళ్తుంది. మా పెళ్ళి ఫొటో అట్ట వంగితే అందులోనే సాపైంది. వానలో తడిసిన పాస్‌పుస్తకం, బొంగరం నలిపేసిన బొమ్మల కాగితాలు, చివరికి నా చీర కుచ్చిళ్ళు కూడా ఒకసారి అందులో పెట్టుకున్నాను. ఏదీ చెడలేదు. అందుకే నేను అడ్డు చెప్పలేదు.

నీటిని పీలుస్తాయని రెండు బ్లాటింగ్ కాగితాల మధ్య ల్యాప్‌టాప్‌ని పెట్టారు. పైనొక చెక్క పలక, కిందొక చెక్క పలక. ప్రెస్సు చక్రం తిప్పితే పై ఇనుప దిమ్మ దిగి, పలకకి మెత్తగా ఆనింది. అక్కడ ఆపేశారు.

"ఉబ్బినదాన్ని ఒక్కసారే నొక్కకూడదు. గంటకో పావు చుట్టు. బతిమాలినట్టుండాలి."

"తాతయ్యా, దీనికి తగ్గిపోతుందా?" అంది బొంగరం.

"సాయంత్రానికల్లా తగ్గిపోతుంది."

"అయితే నేను కాపలా ఉంటా."

పదకొండు కొట్టగానే ఆయన ఒక పావు చుట్టు తిప్పారు. పన్నెండుకి ఇంకోటి. ఒంటిగంటకి అన్నం పెట్టడానికి పిలిస్తే బొంగరం ప్రెస్సు దగ్గర నుంచి లేవనంది. ఉదయం నుంచి అక్కడే చతికిలబడి ఉంది. దాని పేరుకి తగ్గ పని ఒక్కటీ చేయలేదు. కంచం అక్కడికే తీసుకెళ్ళి తినిపించాను. ముద్ద నములుతూ, చక్రం వంక చూస్తూ, "లోపల చిన్నగా చప్పుడొస్తోందమ్మా" అంది.

"ఇనుము కదా, అలాగే ఉంటుంది" అన్నాను.

రెండున్నరకి పెన్‌డ్రైవ్ తీసుకుని వీధి చివర ప్రింటు షాపుకి బయల్దేరాను. గుమ్మం దాటుతూ వెనక్కి చూశాను. పిల్ల ప్రెస్సు కాలికి ఆనుకుని నిద్రలోకి జారింది. మామయ్య జిగురు చేతులతో వెనక్కి తిరక్కుండానే, "పడుకోనీ, నేను చూస్తుంటా" అన్నారు. నేను వెళ్ళిపోయాను.

ప్రింటు షాపాయన కంప్యూటర్లు కూడా బాగుచేస్తాడు. నుదుటికి చిన్న లైటు కట్టుకుని ఉంటాడు, ఎవరితో మాట్లాడినా అది మన కళ్ళల్లో పడుతుంది. నా పేజీలు ఒక్కొక్కటే ట్రేలో పడుతున్నాయి. ఊరుకోలేక టచ్‌ప్యాడ్ సంగతి ఎత్తాను.

"వేలు పెడితే కదలడం లేదండీ. మౌస్ పెడితే బాగానే ఉంది."

"నొక్కితే కిందికి దిగుతోందా?"

"లేదు. రాయిలా ఉంది."

ఆయన చేతిలో పని ఆగలేదు. "మూత పూర్తిగా పడుతోందా?"

"పడట్లేదు. ఒక మూల లేచింది."

"బల్ల మీద పెడితే ఊగుతోందా?"

"ఊగుతోంది."

స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు. లైటు నా ముఖం మీదికి తిరిగింది. "ఎప్పుడూ చార్జరు తగిలించే ఉంచుతారా అమ్మా?"

మూడేళ్ళ కిందట ఒకసారి చార్జి అయిపోయి పన్నెండు పేజీలు పోయాయి. ఆ రోజు నుంచి నేను చార్జరు తీయలేదు, పడుకున్నప్పుడూ తీయలేదు. ఆ మాటే చెప్పాను.

"నొక్కుడు గట్టిపడింది ఎప్పటి నుంచి? బాగా గుర్తుచేసుకోండి."

"గురువారం పిల్ల నీళ్ళు..." అని మొదలుపెట్టి ఆగిపోయాను. అది అబద్ధం. అంతకుముందు రెండు వారాల నుంచే ఆ టచ్‌ప్యాడ్ పలక కుడివైపు బిగుసుకుంది. పని తొందరలో ఎడమ మూల నొక్కి గడిపేసుకున్నాను. ఆ విషయం నాకు తెలుసు. నీళ్ళు ఒలికాక దాన్ని మర్చిపోవడం నాకు తేలికైంది, అంతే.

"నీళ్ళకి ముందే" అన్నాను.

"అది నీళ్ళ పని కాదమ్మా. ఆ పలక కిందే బ్యాటరీ ఉంటుంది. అది ఉబ్బి కింద నుంచి తోస్తోంది. ఏమన్నా తియ్యటి వాసన వచ్చిందా?"

తల ఊపాను.

"దాని మీద బరువు పడకూడదు. గుచ్చుకోకూడదు. నలిగిందంటే మంట ఆర్పడం ఎవరి తరమూ కాదు. ఎక్కడ పెట్టారిప్పుడు?"

"ప్రెస్సులో."

ఆయనకి అర్థం కాలేదు. "బైండింగ్ ప్రెస్సులో" అన్నాను. "గంటకో పావు చుట్టు తిప్పుతున్నారు. పదకొండు నుంచి."

ఇద్దరం ఒక్కసారే గోడ గడియారం చూశాం. మూడుకి ఏడు నిమిషాలుంది.

మామయ్యకి ఫోన్ చేశాను. మోగింది, మోగింది, ఆగిపోయింది. జిగురు చేతులతో ఆయన ఫోన్ ముట్టుకోరు. ఆ నియమం పెట్టింది నేనే, కొత్త ఫోన్ కొన్నప్పుడు. చెప్పుల్లో కాళ్ళు దూర్చే తీరిక లేక అలాగే పరుగెత్తాను. వెనక నుంచి ప్రింటు షాపాయన అరుస్తున్నాడు. "ఇంక తిప్పొద్దని చెప్పండి! వదులు చేసేది కూడా నెమ్మదిగా! ముందు మనుషుల్ని బయటికి పంపండి!"

ఆ వీధి పొడవు నాకు ఏనాడూ తెలియదు. రోజూ నడిచే వీధే. ఇంటి మెట్లెక్కుతుంటే లోపల మా గడియారం మూడు కొట్టడం మొదలుపెట్టింది.

మామయ్య గుడ్డకి చేతులు తుడుచుకుని చక్రం పట్టుకున్నారు. బొంగరం ఆ పక్కనే ఉంది. నిద్రలో ఇటు తిరిగినట్టుంది, చెంప ఇప్పుడు ఇనుప కాలికి ఆని ఉంది. నేను కొట్టిన చెంపే. వెళ్ళి ఆయన మణికట్టు రెండు చేతులతో పట్టుకున్నాను. మా పెళ్ళయిన ఏడేళ్ళలో ఆయన చెయ్యి పట్టుకోవడం అదే మొదలు.

"బ్యాటరీ మామయ్యా. తేమ కాదు. అంటుకుంటుంది."

ఆయన చెక్క పలక అంచు మీద వేళ్ళు ఆనించి చూసి, చటుక్కున తీసేశారు.

"కాలుతోంది" అన్నారు. తర్వాత చాలా మామూలు గొంతుతో, "పిల్లని ఎత్తుకుని వీధి అవతలికి వెళ్ళమ్మా."

"మీరూ రండి."

"ఇంత కాగితంలో దీన్ని వదిలేసి ఎక్కడికి రాను? వెళ్ళు."

వెళ్ళాను. పిల్లని భుజాన వేసుకుని, ఆయన్ని అక్కడ వదిలేసి వెళ్ళాను. ఎదురు గోడ దగ్గర నిలబడి కిటికీలోంచి చూశాను. ఆయన చక్రాన్ని వెనక్కి తిప్పుతున్నారు. ఒక పావు. ఆగారు. ఇంకో పావు. ఎంత నెమ్మదిగానంటే ఒక్కో పావూ ఒక గంటలా తోచింది. నాలుగోది తిప్పాక పలకల్ని రెండింటినీ కలిపి పళ్ళెంలా ఎత్తుకున్నారు. బస్తాల మధ్య దారిలో పక్కకి తిరిగి, ఒక్కొక్క అడుగే వేసుకుంటూ పెరటివైపు వెళ్ళారు. ఆ తర్వాత నాకు కనబడలేదు.

చిన్న చప్పుడే అయింది. ఉబ్బిన పాల ప్యాకెట్టు చిట్లినట్టు. ఆ వెంటనే బుస్సుమని శబ్దం, మా కప్పు మీదుగా తెల్లటి పొగ, దాని అడుగున ఎర్రటి మంట వెలుగు.

బొంగరం లేచింది. కళ్ళు నులుముకుని పొగ వంక చూసింది.

మామయ్య ఇంటి పక్క సందులోంచి నడుచుకుంటూ వచ్చారు. కనుబొమలు కాలిపోయాయి. కుడి అరచెయ్యి పైకెత్తి పట్టుకున్నారు, దాని తోలు తెల్లగా లేచి ఉంది. "సిమెంటు మీద పడేశాను. అక్కడే కాలనీ" అన్నారు. తర్వాత మనవరాలి కాళ్ళూ చేతులూ ఎడమ చేత్తో తడిమి చూసి, గోడకి చేరగిలి కూలబడ్డారు.

"నేను నీళ్ళు ఒలకబోశాననే కదమ్మా?" అంది బొంగరం.

"కాదమ్మా. నీ వల్ల కాదు. అది అంతకుముందే పాడైంది."

"నీకు తెలుసా?"

"తెలుసు."

అది నా భుజం మీంచి తల ఎత్తి, నా ముఖంలోకి చూసింది. అయిదేళ్ళ పిల్ల అంత నిదానంగా చూడగలదని నాకు తెలియదు.

"మరి నన్నెందుకు కొట్టావు?"

మామయ్య తల తిప్పుకున్నారు. నేను దాన్ని గట్టిగా పట్టుకున్నాను, ముద్దులు పెట్టాను, ఏవేవో చెప్పాను.

మామయ్య చెయ్యి మానింది. కొత్త ల్యాప్‌టాప్ వచ్చింది. పని అయిపోగానే చార్జరు పీకేస్తున్నాను, రోజూ మూత వేసి నాలుగు మూలలూ తడిమి చూస్తున్నాను. నీ తప్పేమీ లేదని బొంగరానికి వందసార్లు చెప్పి ఉంటాను. సరేనంటుంది. దాహం వేసినప్పుడు మాత్రం గ్లాసు రెండు చేతులతో పట్టుకుని గది నడిమధ్యకి వెళ్ళి నిలబడుతుంది. తాగినంతసేపూ నా చేతుల వంకే చూస్తూ ఉంటుంది.