ఏడో గడి

మా ఇంట్లో నా చేతిరాతను మెచ్చుకున్నారంటే ఏదో పని నా నెత్తిన పడబోతోందని అర్థం. ఆ ఆదివారం పెరట్లో తడి దుప్పటి పిండుతుంటే మా బావగారు మెట్ల దగ్గర నిలబడి, నీ అక్షరాలు ముత్యాలమ్మా, ఈ కాగితం నువ్వే నింపాలి అన్నారు. రెండో కొస పట్టుకునే మనిషి లేక ఆ దుప్పటిని కుళాయికి చుట్టి మెలిపెడుతున్నాను. అది మాత్రం ఆయన కంట పడలేదు.

మా అమ్మాయి చదివే బడికి పాలక సంఘం ఉంది. దాని అధ్యక్షుణ్ణి తల్లిదండ్రులు ఓటేసి ఎన్నుకుంటారు. బావగారు పోటీకి దిగారు. ఆయనకు పెద్ద రంగుల దుకాణం ఉంది. మా ఆయన అందులోనే సరుకు చూసుకుంటారు. మేముండేది ఆయన ఇంటి పైభాగంలో. "అన్నయ్య నీడలో ఉన్నాం, మరిచిపోకు" అని మా ఆయన అనే మాట నేను కాపురానికి వచ్చిన మొదటి నెలలో విన్నాను, ఆ తర్వాత ఏ నెలా వినకుండా లేను.

చేతులు తుడుచుకుని కాగితం చూశాను. పేరు, వయసు, చదువు, వృత్తి. ఏడో గడిలో, రాజకీయ పార్టీతో గాని మత సంస్థతో గాని సంబంధాలుంటే తెలపండి అని ఉంది. ఇక్కడేం రాయమంటారు అని అడిగాను. "ఏవీ లేవని రాసెయ్" అన్నారు బావగారు, ఫోను చెవిన పెట్టుకుంటూ.

పద్నాలుగేళ్ళుగా బీమా ఆఫీసులో నా పని దరఖాస్తులు పరిశీలించడమే. గుండె ఆపరేషన్ అయినవాళ్ళు కూడా గతంలో జబ్బులేవీ లేవని రాస్తారు. అబద్ధపు 'లేదు' పక్కనున్న మాటలకన్నా కాస్త పెద్దగా ఉంటుంది, పెన్ను గట్టిగా నొక్కి రాస్తారు కాబోలు. నేను పట్టుకున్నవన్నీ మేనేజరు సంతకంతో పైకి వెళ్తాయి, మెచ్చుకోలు ఆయనకు వస్తుంది. ఇంటికొస్తే, నీకేం తల్లీ, ఫ్యాను కింద కూర్చుని చేసే ఉద్యోగం అంటారు అత్తగారు. ఆ ఫైళ్ళు తిప్పిన చేత్తోనే స్టవ్ వెలిగిస్తాను. ఇన్నేళ్ళలో నాకే తట్టని విషయం ఒకటుంది. ఆఫీసులో ప్రతి ముక్కా అనుమానంగా చదివే నేను, ఇంట్లో ఏ మాటనూ తిరిగి చదవను.

కిందటేడు బావగారు ఒక ఉత్తరం ఇచ్చి శుభ్రంగా రాసిపెట్టమన్నారు. పొయ్యి మీద పాలు చూస్తూ రాసిచ్చేశాను. విద్యాధికారికి రాసిన ఫిర్యాదు అది. మా అమ్మాయి బడిలో సైన్సు టీచరు ఆడపిల్లల్నీ మగపిల్లల్నీ కలిపి కూర్చోబెట్టి శరీరం గురించి పాఠం చెప్పిందట, ఆవిణ్ణి బదిలీ చెయ్యాలట. కింద, మత సంఘం ఉపాధ్యక్షుడి హోదాలో బావగారి సంతకం. నా ముత్యాల్లాంటి అక్షరాలు. ఆ టీచరే మా అమ్మాయికి ఉల్లిపొర కింద కణాలు చూపించింది. "అమ్మా, ఎవరో ఇటుకలు పేర్చి గోడ కట్టినట్టుంది" అని అది పరుగెత్తుకుంటూ వచ్చి చెప్పిన రోజున, నాకు ఆ ఉత్తరం గుర్తొచ్చి దాని మొహంలోకి చూడలేకపోయాను.

ప్రతి గురువారం బావగారి ముందుగదిలో మత సంఘం పెద్దా, పార్టీ పట్టణ కార్యదర్శీ కూర్చుంటారు. టీలు నావి. నేను పళ్ళెంతో లోపలికెళ్తే ఎవరూ గొంతు తగ్గించరు. కుర్చీ ముందు ఎవరైనా గొంతు తగ్గిస్తారా? కిందటి గురువారం, ముందు పదవి రానివ్వండి, టీచరమ్మను సాగనంపుదాం, లైబ్రరీ పుస్తకాలు మన సంఘం చూసి ఏరుతుంది, ఎనిమిదో తరగతి నుంచి ఆడపిల్లలకు ల్యాబు బదులు కుట్లు పెట్టిద్దాం, అనుకున్నారు. మా అమ్మాయి ఎనిమిదో తరగతి. చక్కెర సరిపోయిందా అని అడిగి వచ్చేశాను.

మూడు రోజులు ఆ కాగితాన్ని ఆఫీసు ఫైలులాగే చూశాను. చెప్పుల అరమీద మత సంఘం కరపత్రాల కట్ట, మొదటి పేజీలో బావగారి ఫోటో. దుకాణం గోడకు పార్టీ పట్టణ కమిటీ పటం, రెండో వరుసలో ఆయన. ఫిర్యాదు నకలు ఆయన బల్ల సొరుగులో ఉంది. దుమ్ము దులిపేదాన్ని నేనే గనక ఏది ఎక్కడుందో నన్ను మించి తెలిసినవాళ్ళు లేరు. ఏ దేవుడికి మొక్కుతారో, ఏ జెండా పడతారో అది ఆయనిష్టం. ఆయన నమ్మకం గురించి ఆ గడి అడగలేదు, సంబంధాలుంటే చెప్పమని మాత్రమే అడిగింది. నాలుగో రోజు ఉదయం ఏడో గడిలో మూడు వాక్యాలు రాశాను. ఫలానా పార్టీ పట్టణ కమిటీ సభ్యుణ్ణి. ఫలానా మత సంఘం ఉపాధ్యక్షుణ్ణి. ఈ బడి సైన్సు ఉపాధ్యాయురాలి బదిలీ కోరుతూ ఆ సంఘం తరఫున ఫిర్యాదు చేశాను. పెన్ను నొక్కలేదు, మామూలుగానే రాశాను.

కాగితాన్ని తెరిచి బావగారి ముందు పెట్టాను. "ఏడో గడి ఒకసారి చదవండి బావగారూ, నాకు తెలిసింది రాశాను" అన్నాను. ఆయన ఫోనులో ఎవరితోనో నవ్వుతూ సంతకం కోసం చోటు వెతికారు. చదివి పెట్టండి అని మళ్ళీ అన్నాను. "నువ్వు రాశాక చదివేదేముందమ్మా" అని సంతకం చేసి, పళ్ళెంలో ఖాళీ కప్పు పెట్టినట్టు నా చేతిలో పెట్టేశారు. బడికి తీసుకెళ్ళి ఇచ్చింది కూడా నేనే.

శనివారం బడి హాలు నిండిపోయింది. పోటీలో ఇద్దరే, బావగారూ, ఆసుపత్రిలో పనిచేసే ఒక నర్సూ. ముందు వరుసలో మత సంఘం పెద్ద, పక్కనే పార్టీ కార్యదర్శి. హెడ్మాస్టరమ్మ కళ్ళజోడు సర్దుకుని ఇద్దరి దరఖాస్తులూ మైకులో చదివారు. నర్సుది ఏడో గడి ఖాళీ. బావగారి ఏడో గడి మొదటి వాక్యానికి హాల్లో కబుర్లు ఆగాయి. మూడో వాక్యానికి సైన్సు టీచరు తలెత్తి చూసింది.

బావగారు లేచారు. అది తాను రాయలేదన్నారు. తమ్ముడి భార్య రాసిందని, ఆడవాళ్ళు తెలిసీ తెలియక ఏదో గీకేస్తారని నవ్వబోయారు. సంతకం మీదేనా అని హెడ్మాస్టరమ్మ అడిగారు. నాదే, కానీ చదవలేదన్నారు. వెనకనుంచి ఒక మెకానిక్, చదవకుండా సంతకం పెట్టే మనిషికి బడి అప్పజెప్పమంటారా అన్నాడు. నవ్వు ఒక బెంచీ నుంచి ఇంకో బెంచీకి పాకింది.

బావగారు నావైపు తిరిగారు. "లేచి తప్పయిపోయిందని చెప్పు" అన్నారు. మా ఆయన నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నారు. ఆ పట్టు నాకు కొత్త కాదు. చెయ్యి మెల్లగా విడిపించుకుని లేచాను.

"ఇందులో ఏ మాట అబద్ధమో చెప్పండి బావగారూ, ఇక్కడే కొట్టేస్తాను. పెన్ను తెచ్చాను."

ఆయన ముందు వరుస వైపు చూశారు. పార్టీ కాదంటే కార్యదర్శి కూర్చునే ఉన్నాడు, సంఘం కాదంటే పెద్దాయన కూర్చునే ఉన్నాడు. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారే, అలా నిలబడిపోయారు. అప్పుడు ఒకావిడ లేచి, సైన్సు టీచరు వెళ్ళిపోతే ల్యాబు సంగతేమిటని అడిగింది. ఇంకొకావిడ టీచరు చేసిన తప్పేమిటో చెప్పమంది. మూడో ఆవిడ అడిగేసరికి ఆయన కూర్చుండిపోయారు. ఆ ఫిర్యాదు రాసిన చెయ్యి నాదేనని నేనే చెప్పాను, టీచరుకు అందరి ముందూ క్షమాపణ చెప్పాను. ఆవిడ లేచి వచ్చి నా పక్క కుర్చీలో కూర్చుంది.

నర్సుకు రెండు వందల పన్నెండు ఓట్లు వచ్చాయి, బావగారికి డెబ్బై ఒకటి.

రెండు రోజులు ఇంట్లో ఎవరూ నాతో మాట్లాడలేదు. నిజం చెప్పాలంటే అంత హాయిగా నేనెప్పుడూ అన్నం తినలేదు. మా ఆయన మాత్రం, అన్నయ్య ఇల్లు ఖాళీ చెయ్యమంటే ఎక్కడికి పోతాం అని గొణిగారు. నా జీతానికి రెండు గదులు వస్తాయి, మీరూ రావచ్చు అన్నాను. పెళ్ళయిన ఇన్నేళ్ళకు ఆయన నా మొహం వైపు కాస్త ఎక్కువసేపు చూశారు.

మూడో రోజు ఉదయం వంటింట్లోకి అత్తగారు వచ్చారు. కొంగుచాటు నుంచి ఇంటి కాగితాల ఫైలు ఒకటి తీసి గట్టు మీద పెట్టారు. ఈ ఇల్లు మామగారు ఆవిడ పేర రాసి పోయిన సంగతి నాకు అప్పటిదాకా తెలియదు.

"పెద్దాడు సంతకాలు పెట్టమని ఇచ్చాడే. నెల నుంచి అడుగుతున్నాడు" అన్నారు. ఫైలు నావైపు జరిపి, "ఏం రాసుందో చదివి చెప్పు. మొదటినుంచీ చదువు" అన్నారు.

స్టవ్ ఆపేశాను. ఇద్దరం బల్ల దగ్గర కుర్చీలు లాక్కుని కూర్చున్నాం. మొదటి పేజీ తిప్పుతుండగా మా ఆయన గుమ్మంలోకి వచ్చి, టిఫిను కాలేదా అని అడిగారు.

అత్తగారు కాగితం మీంచి తలెత్తలేదు.

"ఇవాళ్టికి నువ్వు చూసుకోరా. మేం చదువుకుంటున్నాం."